ఒత్తులు తెగిన బటన్లు

ఫ్రంట్ ఎండ్ డెవలపర్ అనగానే మన ఇండస్ట్రీలో ఒక చిన్నచూపు ఉంటుంది, గమనించారా? బ్యాకెండ్ వాడు డేటాబేసులతో కుస్తీ పడతాడు, డెవాప్స్ వాడు అర్ధరాత్రి లేచి సర్వర్లు లేపుతాడు, మనమేమో బటన్లకి రంగులేసేవాళ్ళం. స్ప్రింట్ ప్లానింగులో వాళ్ళ పనికి ఎనిమిది పాయింట్లు, మనకి ఒకటి. "చిన్న సీఎస్ఎస్ మార్పే కదా" అన్న మాట వినకుండా నాకు ఒక్క స్ప్రింటూ దాటలేదు. మీలో ఫ్రంట్ ఎండ్ వాళ్ళుంటే ఈపాటికి తల ఊపుతూ ఉంటారు.

సరే, ఏడుపు ఆపి అసలు సంగతికొస్తాను.

మా క్లయింటు ఒకాయన (పేరెందుకు లెండి) తన సైటుని తెలుగులోకి తెచ్చాడు. బిల్లులు కట్టుకునే సైటు. అనువాదం చేయించి ఒక జేసన్ ఫైలు పంపారు, దాన్ని కలిపేశాం. టెస్టింగు చేసింది పుణె టీము, వాళ్ళలో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. "టెక్స్ట్ కనిపిస్తోంది, పాస్" అని రాశారు. వాళ్ళ తప్పేం లేదు, కనిపిస్తూనే ఉంది మరి.

నేను చూస్తే లాగిన్ పేజీలో "నను గురుంచుకో" అని ఉంది! గురువుగారిని ఎక్కడ ఉంచుకోవాలో అర్థం కాలేదు. ఫైల్లో మాత్రం శుభ్రంగా "నన్ను గుర్తుంచుకో" అనే ఉంది. జరిగిందేమిటంటే, డిజైనరు ఫిగ్మాలో బొమ్మ గీసింది ఇంగ్లీషు అక్షరాలతో. లైన్ హైట్ 1 పెట్టారు. మాట పొడుగైతే చివర మూడు చుక్కలు రావాలని ఓవర్‌ఫ్లో హిడెన్ కూడా తగిలించారు. ఇంగ్లీషులో గీత కిందకి దిగేవి జీ, వై లాంటి నాలుగైదు అక్షరాలే, అవీ కొంచెమే దిగుతాయి. మన ఒత్తులుండేదే కింద. పెట్టె ఎత్తు చాలక ఒత్తుల్ని కోసేసింది. "రద్దు" కాస్తా "రదు" అయింది, "చెల్లించండి" అన్న బటన్ "చెలించండి" అయింది. డబ్బు కట్టమంటోందో కదిలిపొమ్మంటోందో చదివేవాడే తేల్చుకోవాలి :)

జిరాలో బగ్ వేశాను. పీ3 ప్రయారిటీ ఇచ్చారు. పీ3 అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, అటకెక్కించడం. మా మేనేజరుని అడిగితే "తెలుగు ఎంచుకునేవాళ్ళు తక్కువమందే కదా, మళ్ళీ ఇంగ్లీషుకే వెళ్ళిపోతున్నారు" అన్నాడు. వెళ్ళిపోక ఏం చేస్తారండీ? చదవలేకే పోతున్నారేమో అన్న అనుమానం ఆయనకి రాలేదు.

ఆ వారాంతం తెనాలి వెళ్ళినప్పుడు మా నాన్న చేతికి ఆ పేజీ ఇచ్చాను. ఆయన రోజూ పేపరు ఆమూలాగ్రం చదివే మనిషి, ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కోవాలి. ఫోన్లో అక్షరాల సైజు పెంచుకుని వాడతాడు. అలా పెంచేసరికి కోత ఇంకా ఎక్కువైంది, కొన్ని మాటల్లో కొమ్ములూ పోయాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి, "నాకు చూపు బాగా తగ్గిందిరా" అన్నాడు. తప్పు సైటుదని తట్టలేదు ఆయనకి. నాకు అది గుచ్చుకుంది.

సోమవారం ఎవరినీ అడగకుండా కూర్చున్నాను. ముందు కనిపెట్టిందేమిటంటే, పేజీ మొత్తం తెలుగులో ఉన్నా హెచ్‌టీఎంఎల్లో లాంగ్ ఇంగ్లీషనే ఉంది. అంటే చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడరు కూడా దాన్ని ఇంగ్లీషనుకునే చదవబోతుంది. అది మార్చాను. తెలుగుకి లైన్ హైట్ 1.6 చేశాను, బటన్లకి హైట్ తీసేసి మిన్ హైట్ పెట్టాను, కింద కాస్త ప్యాడింగ్. మొత్తం పదకొండు లైన్లు. నిజమే, చిన్న సీఎస్ఎస్ మార్పే!

ఒత్తుల వెనకాలే ఇంకోటి బయటపడింది. పేరు రాసే గడిలో 20 అక్షరాల పరిమితి ఉంది. "లక్ష్మీనరసింహాచార్యులు" అని రాస్తే "లక్ష్మీనరసింహాచార్యు" దగ్గర ఆగిపోతోంది. మన కంటికి అవి 9 అక్షరాలు. జావాస్క్రిప్టుకి 22, ఎందుకంటే అది పొల్లునీ గుణింతాన్నీ విడివిడిగా లెక్కేస్తుంది. ప్రొఫైలు గుండ్రంలో మొదటి అక్షరం చూపించే చోట శ్రీనివాస్‌కి "శ" వస్తోంది, "శ్రీ" రావాలి. దీనికి ఇంటల్ సెగ్మెంటర్ అని ఒకటుంది. అయితే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడమన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్లో వచ్చింది. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది చూడండి. కాబట్టి పాత బ్రౌజర్లకి విడిగా కోడు రాసుకోవాల్సొచ్చింది.

"ఇదంతా ఏఐ ఐదు నిమిషాల్లో రాసిపడేస్తుంది, మీ ఫ్రంట్ ఎండ్ వాళ్ళ పని అయిపోయింది" అని మా బ్యాకెండ్ మిత్రుడు రోజూ దెప్పుతుంటాడు. కోడు అదే రాసింది, నేను కాదనను, నేనూ వాడతాను. కానీ మొదట్లో ఆ లైన్ హైట్ 1 రాసిందీ అదే. భయం నాకూ లేకపోలేదు, ఇంటి లోన్ ఈఎమ్ఐ ఉంది. అయితే ఆ బగ్ అన్నాళ్ళు అటక మీదున్నది కోడు రాసేవాళ్ళు లేక కాదు. ఆ పేజీని తెలుగులో చదివినవాళ్ళు లేక.

మార్పు రిలీజుకి వెళ్ళింది. మా నాన్నకి లింకు పంపితే "ఇప్పుడు బానే కనపడుతోంది, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు" అన్నాడు. ఎలాగైనా వెళ్ళమన్నాను, అరవై దాటాయి కదా.

మొన్న మా మేనేజరు కొత్త టికెట్టు నా పేరు మీద వేశాడు. కన్నడ వెర్షనంట. నాకు కన్నడ రాదండీ అంటే "అక్షరాలు ఇంచుమించు ఒకటే కదా" అన్నాడు. ఒక్క పాయింటు ఇచ్చాడు.