కానరాని కట్టుబడి

దృఢత్వము వేఱు, మన్నిక వేఱు. మొదటిది పరీక్షచేసిన దినముననే తెలియును. రెండవదానిని కాలమే తేల్పవలెను. ఈ భేదమును భూతాపకూపములలోని సిమెంటు తెలిపినంత స్పష్టముగ మఱియొక వస్తువు తెలుపదని మా యభిప్రాయము.

ఇటలీయందలి లార్డెరెల్లోలో 1904వ సంవత్సరమున పియెరో జినోరి కోంటి యను ప్రభువు, భూగర్భమునుండి వెలువడు ఆవిరి సాయమున ఐదు విద్యుద్దీపములను వెలిగించెను. పిమ్మట న్యూజీలండు, కాలిఫోర్నియా, ఐస్‌లాండు మొదలగు చోట్లను వేలకొలది అడుగులు తొలిచి ఆ వేడిమిని పైకి దెచ్చుచున్నారు. తొలిచిన బావిలో ఉక్కుగొట్టమును దింపి, దానిలోనుండి పలుచని సిమెంటును క్రిందికి పంపుదురు. అది అడుగున మరలి, గొట్టమునకును రాతికిని నడుమనున్న సందున పైకిలేచి గట్టిపడును.

ఇది చేయు పని సామాన్యమైనది కాదు. వేయి మీటర్ల ఉక్కుగొట్టము 200 డిగ్రీలు వేడెక్కినచో, పట్టు లేనియెడల, సుమారు 2.4 మీటర్లు సాగును. దానిని రాతికి బంధించి నిలుపునది సిమెంటే. పాతాళపు ఉప్పునీరు పైనున్న మంచినీటి పొరలలో కలియకుండ కాచునదియు నిదియే. రెండు గొట్టముల నడుమ నెక్కడనైన వెలితి మిగిలి అందు నీరు చిక్కెనా, ఆ నీరు వేడికి వ్యాకోచించి, పోవుటకు దారిలేక, లోపలి గొట్టమునే నలిపివేయును.

ఇండ్లు కట్టుకొను పోర్ట్‌లాండు సిమెంటు ఇచ్చట నిలువదు. వేడి 110 డిగ్రీలు దాటినంతనే, దానిని బంధించియుంచు ఖటిక సిలికేటు జిగురు, అంతకంటె సాంద్రమైన స్ఫటికములుగ మాఱి కుంచించుకొని, సూక్ష్మరంధ్రములను విడుచును. బలము తగ్గును, నీరు చొరబడును. చిత్రమేమన, ఆ వేడియే మొదట సిమెంటును త్వరగ గట్టిపఱచును. ప్రథమదినమున భేషుగ నున్నది కొన్ని వారములలో డొల్లయగును.

దీనికి విరుగుడు సులభమే. సిమెంటు తూకమున నూటికి 35 మొదలు 40 పాళ్లు మెత్తని పలుగురాతిపిండి కలిపినచో, వేడికి చెదరని వేఱు స్ఫటికము లేర్పడును. మన పెద్దలు సున్నమున ఇటుకపొడి కలిపి డంగుచేయుటయందును, సున్నమునకు సిలికాను తోడుచేయుట యను సూత్రమే యిమిడియున్నది.

అయినను ఈ మందు సర్వరోగనివారిణి కాదు. బొగ్గుపులుసు వాయువు మిక్కుటముగ నున్న బావులలో, ఈ పిండి నిండుగ కలిపిన సిమెంటు, తక్కువగ కలిపినదానికంటె ముందుగ చెడునని న్యూజీలండు పరిశోధకులు కనుగొనిరి. అట్టి చోట్లకై అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమువారు గత శతాబ్దపు కడపటి దశకమున కాల్షియం అల్యూమినేటు ఫాస్ఫేటు సిమెంటును సిద్ధపఱచిరి. దాని వెల యెక్కువ. ఎవరి కంటను పడని చోట ఎక్కువ వెల పెట్టుట కెవరి మనసు నొప్పుకొనును? చిక్కంతయు నిచ్చటనే యున్నది.

లడఖునందలి పూగాలోయలో భూతాపవిద్యుత్తునకై 2021లో ఒడంబడిక జరిగినది. కావున ఇది పరదేశపు ముచ్చట యని మనము ఊరకుండరాదు. ఏ బావి వేడిమి యెంత, అందలి వాయువు లెట్టివి యని ముందుగ నెఱిగి, అట్టి వేడిలోనే, అట్టి నీటిలోనే, మాసములతరబడి సిమెంటును పరీక్షింపవలెను. ఆ ఫలితములను దాచక ప్రకటింపవలెను. ఒక్కదినపు పరీక్షాపత్రముతో తృప్తిపడు అధికారి ఆ లోయలోని మంచినీటిని పణము పెట్టినవాడగును.

పాత సిమెంటు చెడ్డదని మేమనము. అది పుట్టిన వేడి వేఱు, నేడు నిలువవలసిన వేడి వేఱు. ఆచారములను సంస్కరింప బూనువారును ఈ వివేకమునే యలవఱచుకొనవలెను: ఏ పాలు కొఱవడినదో తెలిసికొని దానిని చేర్చవలెను, ఒకచోట పనిచేసిన మందును మఱియొకచోట గ్రుడ్డిగ వాడరాదు.