కాళ్ళు లేని పక్షి

మా హాస్టల్లో స్వర్గం పేరున్నవి రెండు ఉండేవని చాలా ఏళ్ళ దాకా మాకు తెలియదు.

ఒకటి కుళాయి పక్కనున్న రత్నగంధి మొక్క. ఎర్రటి రేకులకు పసుపు అంచు, బయటికి పొడుచుకొచ్చిన పొడవాటి కేసరాలు. ఏటా ఏప్రిల్ 14న అంబేద్కర్ గారి పటానికి మేము దండ గుచ్చింది ఆ పూలతోనే. రెండోది వెనక మామిడి తోటలోకి వచ్చే తోకపిట్ట. నల్లని తల, తెల్లని ఒళ్ళు, రిబ్బనులా ఊగే జానెడుకు మించిన తోక. పుస్తకాల్లో దాన్ని తోక పిగిలి పిట్ట అంటారు. స్టడీ అవర్లో కిటికీలోంచి దాన్ని చూస్తూ చీవాట్లు తిన్నవాళ్ళం మాలో చాలామందిమి.

పి.జి.కి వచ్చాక తెలిసింది. మన రత్నగంధిని అమెరికాలో కొన్నిచోట్ల 'రెడ్ బర్డ్ ఆఫ్ పారడైజ్' అంటారట, ఎర్ర స్వర్గపక్షి అని! మన తోకపిట్ట ఇంగ్లీషు పేరు 'పారడైజ్ ఫ్లైక్యాచర్'. ఇంత పెద్ద పేర్లున్నవాటి మధ్య కూర్చునా మేము పప్పుచారు అన్నం తిన్నది అని నవ్వుకున్నాం.

ఇంతకీ ఆ పేరు ఎక్కువగా చెల్లేది దక్షిణాఫ్రికా మొక్క స్ట్రెలీజియాకు. పెళ్ళి మండపాల అలంకరణలో మీరూ చూసే ఉంటారు. నారింజ రంగు కుచ్చు, మధ్యలో బాణంలాంటి నీలి రేకు, కింద ముక్కులాంటి తొడిమ. అచ్చం పక్షి తల. ఆ పువ్వును పోల్చింది న్యూగినీ అడవుల్లోని నిజమైన స్వర్గపక్షులతో. అవి నలభైకి పైగా జాతులు. అసలు కథ వాటిదే.

1522లో మాగెల్లాన్ బృందంలో మిగిలిన ఓడ స్పెయిన్ చేరినప్పుడు, మొలుక్కస్ దీవుల రాజు ఒకరు ఇచ్చిన ఆ పక్షుల ఎండు తోళ్ళు అందులో ఉన్నాయి. తోలు ఆరబెట్టే అక్కడివాళ్ళు కాళ్ళు కోసేయడం అలవాటు. అలా వచ్చిన తోళ్ళు చూసిన ఐరోపావాళ్ళు, ఈ పక్షులకు కాళ్ళే లేవు, నేల మీద వాలవు, మంచు తాగి స్వర్గంలో తేలుతుంటాయి అనుకున్నారు. ఆ ఓడలోనే వచ్చిన పిగఫెట్టా వాటికి కాళ్ళున్నాయని రాశాడు. అయినా జనానికి కథే నచ్చింది. 1758లో లిన్నేయస్ ఒక జాతికి 'అపోడా' అని, అంటే కాళ్ళు లేనిదని, పేరు పెట్టాడు. ఈనాటికీ అదే పేరు.

విచిత్రం ఏమిటంటే, స్ట్రెలీజియా బతుకు పక్షి కాళ్ళ మీదే ఆధారపడి ఉంది. తేనె కోసం పిట్ట వచ్చి ఆ నీలి రేకు మీద వాలితే, బరువుకు రేకు విచ్చుకుని పుప్పొడి దాని కాళ్ళకు అంటుకుంటుంది. ఆ కాళ్ళే ఇంకో పువ్వుకు మోస్తాయి. కాళ్ళు లేవన్న పక్షి పేరు పెట్టుకున్న పువ్వుకు, కాళ్ళు లేకపోతే విత్తనమే లేదు.

మమ్మల్ని చూసి కూడా కొందరు అంటుంటారు: "ఆళ్ళకేటి, తిండి, బట్ట గవర్నమెంటే ఇత్తాది" అని. గాలిలో తేలుతున్నట్టే. మా వెనక మడిలో నాట్లేసి నానిపోయిన కాళ్ళు వాళ్ళకు కనిపించవు. అది వాళ్ళ సంగతి. మా సంగతీ చెప్పాలి.

పి.జి. మొదటి సంవత్సరంలో మాలో ఒకడి నాన్న అరిసెల డబ్బా పట్టుకుని బస్సు దిగి వచ్చారు. చెప్పుల్లేవు, మడమల నిండా పగుళ్ళు. కొత్త స్నేహితులు "ఎవర్రా?" అన్నారు. "మా ఊరాయన" అన్నాడు మావాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, "అవును బాబూ, ఆల ఊరోడినే" అన్నారు. డబ్బా ఇచ్చి, అదే బస్సుకు వెళ్ళిపోయారు. ఆ మాట అన్నది ఒక్కడే. పక్కనుండి, తెలిసీ, నోరు మూసుకున్నది మేమందరం. ఆ రాత్రి అరిసెలు ఎవరికీ గొంతు దిగలేదు. మర్నాడు మావాడు ఊరెళ్ళి కాళ్ళ మీద పడితే, "నీకు సిన్నతనం అవుతాదేమోనని అలగన్నానురా" అన్నారట.

న్యూగినీ పక్షి కాళ్ళు ఎవరో కోశారు. మా కాళ్ళు మేమే కోసుకోబోయాం.

తమ్ముళ్ళూ! ఆ తోటలో తోకపిట్టను ఈసారి బాగా చూడండి. అంత అందమైన తోకున్న మగపిట్ట కూడా గూట్లో కూర్చుని తన వంతు గుడ్లు పొదుగుతుంది, తోక బయటికి వేలాడుతూనే. ఎంత సోకున్నా ఇంటి పని దానికి చిన్నతనం కాదు.

ఈ వార్షికోత్సవానికి మీ అమ్మానాన్నలు వస్తారు. ఎవరూ అడగకముందే చెప్పండి, "వీరు మా నాన్న, ఈమె మా అమ్మ" అని. ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆ రోజు డబ్బా తెచ్చిన నాన్నగారిని మేమూ పిలిచాం. కుళాయి దగ్గరి రత్నగంధి పూలు కోసి ఉంచండి. పటానికి ఒక దండ, ఆయనకొకటి.