తాబేటి గ్రుడ్ల కావలి

సంపాదకులు కోరినందున, వంశధార సాగరమున గలియు కళింగపట్టణమునకు చేరువనున్న యొక మత్స్యకార గ్రామమునకు ఫాల్గుణమున నేగితిని. ఆలివ్ రిడ్లే తాబేళ్ల గ్రుడ్లను ఆ యూరి జాలరులు స్వచ్ఛందముగా సంరక్షించుచున్నారు. కంచె నడుమ ఇసుకలో నాటిన పుల్లలు, వానికి గట్టిన చీటీలు, చీటీలపై తేదీలు: వారి సంరక్షణకేంద్రమనగా నింతియే. నా చూపు మాత్రము అందు మోకాళ్లపై కూర్చున్న యొక వృద్ధజాలరి చేతులయందే నిలిచినది.

ఏండ్లతరబడి వలత్రాళ్ల నీడ్చి కాయలుగాచిన యా చేతులు, తల్లితాబేలు త్రవ్విన రీతినే, మూరెడు లోతున, మెడ సన్నమై అడుగు విశాలమై కుండను బోలిన గోతిని త్రవ్వి, అందు పూర్వపు గూటి యిసుకనే పఱచి, నూటికి పైబడిన గ్రుడ్లను ఒక్కొక్కటిగా దింపుచున్నప్పుడు, ఒక్క గ్రుడ్డైనను పొరలలేదు. పెట్టిన కొన్ని గంటలకే పిండము పెంకు లోపలి పైభాగమున నంటుకొనును గనుక, ఆపై గ్రుడ్డు తలక్రిందైనచో పిండము నశించును. ఆ సంగతి అతనికి చెడిన గ్రుడ్లను చూచిన దుఃఖమే నేర్పినది. నక్కలును కుక్కలును పసిగట్టకమున్నే రాత్రియెల్ల తీరము వెంబడి నడచి గ్రుడ్లు తెచ్చుటయు, 45 మొదలు 60 దినముల వఱకు కావలియుండుటయు, వెలువడిన పిల్లలను కడలికి విడుచుటయు, ఇదంతయు వేకువను పడవ దింపి వేటకు పోవలసినవారు చేయుచున్న పని.

చేయి యాడుచుండగనే అతడు ప్రక్కనున్న కుఱ్ఱవానితో, “పొద్దున్న మళ్లీ ఒక తల్లి కొట్టుకొచ్చీసిందిరా, గుడ్లు కడుపులోనే ఉండిపోనాయి” అనెను. ఆ మాట విన్నది మొదలు నా మనస్సున ఆగ్రహమే మిక్కుటమయ్యెను.

తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించు జీవి. మరపడవలు గంటలకొలది ఈడ్చు వలలో చిక్కినచో, పైకి వచ్చి గాలి పీల్చుకొన వీలులేక మునిగి చచ్చును. రొయ్యలను నిలిపి తాబేటికి దారి విడుచు లోహపుచట్రము ఎన్నడో కల్పింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఈ ప్రాణిని మొదటి షెడ్యూలున జేర్చినది. ఐనను మన తీరమున వేటనిషేధము ఏప్రిల్ 15న గాని మొదలుకాదు. తాబేళ్లు గ్రుడ్లకై వచ్చు కాలమో, జనవరి నుండి ఏప్రిల్ వఱకు! పొరుగున ఒడిశాలో, ఋషికుల్య ముఖద్వారమున, నవంబరు 1 నుండి మే 31 వఱకు తీరమునుండి 20 కిలోమీటర్ల మేర వేట నిషిద్ధము. అదే సముద్రమున ఎల్లదాటి ఇటు వచ్చిన తల్లికి ఆ రక్షణ యేల లేదు? పుట్టి తల్లియగుటకు పదేండ్లకు పైబడు ప్రాణి వలలో చచ్చినచో, ఈ వృద్ధుని రాత్రులెన్ని కలిపినను ఆ నష్టము పూడునా? కూర్మనాథునికి శ్రీకూర్మమున దేవళము గట్టి కొలుచు సీమలోనే యిట్లు జరుగుట నన్ను మిక్కిలి బాధించినది.

పత్రికలో నేమి వ్రాయుమందువని యడిగితిని. చేతుల యిసుక దులుపుకొని, “పిల్లల్ని వదిలిన రోజు అందరూ వస్తారు బాబూ, ఫొటోలకి. తల్లులు కొట్టుకొచ్చిన రోజు రమ్మని రాయండి” అనెను.