లేపాక్షిలో ఒక పూట

హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు వుంటుంది. బెంగుళూరు నుంచి వచ్చేవారికి 120 దాకా అవుతుంది. దారి పొడుగునా రాతిగుండ్లు, వేరుశెనగ చేలు, అక్కడొకటి ఇక్కడొకటి చింతచెట్లు. అనంతపురం జిల్లా ఊరుగా దీన్ని పుస్తకాల్లో చదువుకున్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. 2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఆ యేడే యునెస్కోవారి తాత్కాలిక జాబితాలోకి ఇక్కడి గుడీ, నందీ ఎక్కాయి.

మేము ముందుగా నంది దగ్గర దిగాము. 27 అడుగుల పొడుగు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకే రాయి. కొలతలు ఎవరైనా చెబుతారు గాని, అసలు చూడవలసినది దాని మెడ. చాలా ఊళ్లలో నంది అణకువగా తలవంచుకుని వుంటుంది. ఇది తల ఎత్తి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్లు చూస్తుంది. మెడలో గంటల పట్టెడ, వీపుమీద అలంకారం, ఒక్కటీ తక్కువ కాలేదు. దీన్ని చెక్కినవాడు శిల్పశాస్త్రం ఎంత చదివాడో గాని, సంక్రాంతినాడు తన ఇంటి ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి ముద్దు చేసుకున్నవాడని మాత్రం నేను ఒప్పుకుంటాను.

మేము వెళ్లిన సందర్భం చెప్పాలి. హిందూపురంలో మా బావకు షష్టిపూర్తి జరిగింది. ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి నెల కూడా కాలేదు. ఆయుష్యహోమం, కలశ జలాలతో స్నానం, మళ్లీ మాంగల్యధారణ, అన్నీ సక్రమంగా జరిగాయి. మా అక్క కొత్త పెళ్లికూతురిలాగే సిగ్గుపడింది. ఓళిగలూ చిత్రాన్నమూ మూడు పూటలు తిన్నా తరగలేదు. మర్నాడు పందొమ్మిదిమందిమి వ్యానులో లేపాక్షి బయలుదేరాము.

అయితే ఆ ఇంట్లో మూడు రోజులుగా ఎవరూ ఎత్తని మాట ఒకటి వున్నది. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు వాళ్ల కుక్క పోయింది. దాని పేరు కరియ. ఆ ఊళ్లో తెలుగూ కన్నడమూ ఒకే గుమ్మంలో తిరుగుతాయి గనుక నల్లకుక్కకు ఆ పేరు పెట్టారు. పదమూడేళ్లు బతికింది. రోగమేమీ లేదు, ముసలితనమే. శుభం జరిగే ఇంట్లో ఆ ఊసు ఎత్తవద్దని బావ తల్లిగారు, 80 దాటిన పెద్దావిడ, గట్టిగా చెప్పారు. అందరూ సరేనన్నారు. అక్క కూతురి కొడుకు ఏడేళ్లవాడు, బెంగుళూరు నుంచి వచ్చి ఖాళీ గొలుసు చూసి, ఒక్కసారి అడిగి, జవాబు విని, ఆ తరువాత నోరు మెదపలేదు. ఓళిగ మాత్రం ముట్టలేదు. పండగనాడు మొదటి ఓళిగ కరియకు పెట్టడం వాడి పని.

గుడి కూర్మశైలం అనే గుట్టమీద వున్నది. తాబేలు వీపులా వుండే గుట్ట గనుక ఆ పేరు. అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 వరకు విజయనగరాన్ని ఏలిన కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని ఇంత చేశారు. బొక్కసం సొమ్ము అనుమతి లేకుండా ఖర్చు చేశాడని నింద వస్తే, రాజు శిక్ష వేయకముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని జనం చెప్పుకుంటారు. గోడమీద ఎర్రటి మరకలు చూపిస్తారు కూడా. నేల కానకుండా నిలిచిన స్తంభం కింద తువ్వాలు దూర్చి తీసే వేడుక మావాళ్లందరూ వరుసగా చేశారు. అక్క అల్లుడు రెండుసార్లు చేశాడు. నాట్యమండపంలో మూడు కాళ్ల భృంగి దగ్గర ఆడపిల్లలు ఆగిపోయారు. ఏడు పడగల నాగేంద్రుణ్ణి, తల్లి వంట ముగించేలోపల శిల్పులు చెక్కేశారట. ఆ మాట వినగానే మా ఆడవారు, "ఆమె వంట ఎంతమందికో!" అన్నారు. సబబైన ప్రశ్నే.

పైకప్పు బొమ్మల దగ్గర మాత్రం తొందరపడకూడదు. మెడ నొప్పి పుట్టినా సరే. కావిరంగు, పసుపు, నలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ. ఇంతలోనే పార్వతీ పరిణయం, ద్రౌపదీ స్వయంవరం, పందికోసం శివార్జునుల తగవు. చీరల అంచులు, జడల ముడులు ఈనాటికీ నేతవారికి నమూనాలు. వీటి నడుమ మనునీతి చోళుని కథ వున్నది. తిరువారూరు రాజు న్యాయం కోరేవారి కోసం గంట కట్టించాడు. రాకుమారుని రథం కింద ఒక దూడ నలిగి చచ్చిపోతే తల్లి ఆవు వచ్చి ఆ గంట లాగింది. రాజు తన కొడుకును కూడా రథం కింద పడవేయమన్నాడు. చివరికి శివుడు ఇద్దరినీ బతికించాడు. పాఠం చెప్పే అలవాటు చొప్పున నేను ఇదంతా వివరించాను. పెద్దలు రాజు ధర్మాన్ని మెచ్చుకున్నారు.

"చిన్నతాతా, ఆ ఆవును ఎవరూ ఊరుకోమనలేదా?" అన్నాడు చిన్నవాడు.

నలభైల్లోనే తాత అనిపించుకోవడం నాకింకా కొత్త. అంతకంటె, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

తరువాత కల్యాణమండపంలోకి వచ్చాము. ఇది పూర్తికాలేదు. పైన కప్పు లేదు, ఆకాశమే పందిరి. స్తంభాలమీద శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, మునులు, పిల్లనిచ్చే హిమవంతుడు వున్నారు. ఎండ ఇంకా ముదరలేదు. పెళ్లివారి మధ్య మేమూ తలొక నీడ చూసుకుని కూర్చున్నాము. ఎవరో ఊరి పేరు సంగతి అడిగారు.

సీతను ఎత్తుకుపోతున్న రావణునితో పోరాడి జటాయువు ఇక్కడ పడిందని, రాముడు "లే పక్షీ" అన్నాడని ఊరివారి నమ్మకం. రాముడు తెలుగులో పలికాడన్న సంతోషం కూడా అందులో వున్నది కాబోలు! భద్రాచలం దగ్గర ఏటపాకవారు పక్షి తమ ఊళ్లో పడిందంటారు. కేరళలో చడయమంగలం వారు తమదంటారు. వాల్మీకి ఈ ఘట్టాన్ని గోదావరి దాపున చెప్పాడు. ఎవరి మాట ఎలా వున్నా, తరువాతి సంగతిలో భేదం లేదు. తండ్రి దశరథుడు పోయినప్పుడు రాముడు అడవిలో వున్నాడు, కొరివి పెట్టలేకపోయాడు. తండ్రి స్నేహితుడైన ఈ పక్షికి మాత్రం కట్టెలు తెప్పించి, చితి పేర్చి, తానే నిప్పు పెట్టి, గోదావరిలో నీళ్లు వదిలాడు.

"మరి కరియకు ఎవరు చేసినారు?"

పెద్దావిడ, "ఇప్పుడా మాట ఎందుకురా?" అనబోయారు. అంతలో బావ గొంతు వినబడింది. పెళ్లికొడుకు గనుక మూడు రోజులుగా చెప్పిన చోట కూర్చుని, పెట్టినది తిన్న మనిషి.

"నేనే చేసినానురా. తెల్లవారుజామున కానుగచెట్టు కింద గొయ్యి తీసి పెట్టినాను. నీళ్లు కూడా వదిలినాను. మంత్రమేమీ చెప్పలేదు, పేరు చెప్పినాను."

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదట నవ్వినది అల్లుడు. తన పెళ్లినాడు కరియ ఎడమ చెప్పు ఎత్తుకుపోతే, మగపెళ్లివారందరూ దొడ్లో వెతికారట. కూతురు, చిన్నవాడు తొలి అడుగులు దాని తోక పట్టుకునే వేశాడన్నది. బావ ఉద్యోగం మానిన తరువాత కూడా అది సాయంత్రం ఆరింటికి గేటు దగ్గరకు పోయి ఆయన కోసం ఎదురు చూసేదట. ఆయన వెనక వరండాలో కుర్చీలోనే వుండేవాడు. "పిలిచినా నమ్మేది కాదు," అన్నాడు బావ. పెద్దావిడ కూడా, తన మంచం కింద తప్ప అది పడుకునేది కాదనీ, వానాకాలం ఆ కంపు భరించినది తానేననీ, కాస్త గర్వంగానే చెప్పారు.

అక్క మాత్రం, "నాతో ఒక్క మాటైనా అనలేదేమండీ?" అన్నది.

"నీ చేతులకు గోరింటాకు పెట్టి వున్నారు. లేపి ఏమి చెప్పేది?" అన్నాడు బావ.

ఆ పక్కనే నేలరాతిమీద కంచాలు చెక్కి వున్నాయి. నడుమ అన్నానికి, చుట్టూ కూరలకు గుంటలు. గుడి కట్టిన పనివారు వాటిలో తిన్నారని అంటారు. సీతమ్మ పాదమనే పెద్ద అడుగుజాడలో నీళ్లు నిలిచి వున్నాయి. ఊరి బయట గుండుమీద ఈమధ్య నిలబెట్టిన జటాయువు బొమ్మను కూడా చూసి, ఒంటిగంటకు వ్యాను ఎక్కాము. చిన్నవాడు డబ్బా తీయించి ఓళిగ ఒకటి తిన్నాడు. రెండోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కొత్త చొక్కాకు నెయ్యి మరక అవుతుందని వాళ్ల అమ్మ కూడా అనలేదు.