న్యూజిలాండుకు రెండు టిక్కెట్లు

హైదరాబాదు నుంచి న్యూజిలాండుకు తిన్నగా వెళ్ళే విమానం లేదు. సింగపూరు మీదుగా వెళితే అక్కడికి 4½ గంటలు. అక్కడినుంచి ఆక్లండుకు మరో 10 గంటలు. ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేసి, పిల్లల పెళ్ళిళ్ళు కానిచ్చి, మిగిలిన సొమ్ముతో బయలుదేరే దంపతులు ముందు మోకాళ్ళ సంగతి ఆలోచించి, తరువాత టిక్కెట్టు ధర చూడాలి.

రెండు కంపెనీల టిక్కెట్లు విడివిడిగా కొంటే ఒక్కొక్కప్పుడు చౌకగానే వస్తాయి. కాని మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాడికి మీతో నిమిత్తం లేదు. ఆ డబ్బు నీళ్ళపాలే! ప్రయాణమంతా ఒకే టిక్కెట్టు మీద ఉంటే, తరువాతి విమానం ఎక్కించే పూచీ వాళ్ళది. ఆ పదివేలో పరకో హెచ్చు ఇచ్చుకోవడమే మేలు.

డిసెంబరు, జనవరి అక్కడ వేసవి సెలవులు, ధరలు మండిపోతాయి. ఫిబ్రవరి, మార్చి హాయి. టిక్కెట్లు సుమారు 11 నెలల ముందునుంచే అమ్ముతారు. ఆక్లండులో దిగి, దక్షిణ ద్వీపంలోని క్రైస్ట్‌చర్చ్‌లో తిరుగు విమానం ఎక్కేట్టు కొంటే, చూసిన దారినే వెనక్కి రానక్కరలేదు.

సింగపూరులో గంటన్నరలో విమానం మారడం కుర్రవాళ్ళ పని. విమానాశ్రయం లోపలే గంటల లెక్కన గదులు అద్దెకిస్తారు. ఒక పూట నడుం వాల్చండి. చక్రాల కుర్చీ కావలసినవారు టిక్కెట్టు కొన్నప్పుడే అడగాలి. ఇందులో నామోషీ ఏముంది? బి.పి. మాత్రలు మాత్రం చేతిసంచీలోనే ఉండాలి సుమా!

ఇక ఆవకాయ సీసా. దాన్ని దాచకండి. ప్రయాణికులు నింపే డిక్లరేషనులో తిండి పదార్థాలున్నాయని చెబితే, చూసి పంపిస్తారు, లేదా తీసి పారేస్తారు, అంతే. చెప్పకపోతే 400 న్యూజిలాండు డాలర్ల జరిమానా. తేనె మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి.