ఎర్రమట్టి నేలలో ఒక ఆదివారము

2023వ సంవత్సరము జూలై నెలలో ఆస్ట్రేలియా దేశము చూచే భాగ్యము దేవుడు మాకు దయచేశాడు. మా అమ్మాయి, అల్లుడు అడిలైడ్ నగరములో ఉద్యోగములు చేసుకుంటున్నారు. "అమ్మా, నాన్నా, ఒక్కసారి రండి" అని ఎన్నాళ్ళుగానో పిలుస్తూ ఉంటే, ప్రార్థన చేసుకొని బయలుదేరాము. మన వైపు వానలు పడే ఆ నెలలో అక్కడ చలికాలము.

అడిలైడ్ 1836లో పుట్టిన నగరము. నడిబొడ్డున తిన్నని వీధులు, చుట్టూ పచ్చని తోటలు. దానికి "చర్చీల నగరము" అని పేరు. ఏ వీధిలో నిలబడినా ఒక గోపురము కనిపిస్తుంది. అయితే కొన్ని పాత చర్చి కట్టడములు ఇప్పుడు ఇతర పనులకు వాడబడుతున్నాయని తెలిసి మనస్సు చివుక్కుమన్నది.

ఒక శనివారము అల్లుడు మమ్మును బరోసా లోయకు తీసుకువెళ్ళాడు. అంతా ద్రాక్షతోటలు. జర్మనీ నుండి విశ్వాసము నిమిత్తము వలస వచ్చిన లూథరన్ కుటుంబములు అక్కడ స్థిరపడ్డాయి. బెథనీ అనే చిన్న గ్రామములో మేము తెలుసుకొన్న సంగతి మా ప్రయాణమునే మార్చివేసింది. 1875 అక్టోబరులో కెంపె, ష్వార్జ్ అనే ఇద్దరు మిషనరీలు గుర్రములు, గొర్రెల మందతో ఈ ఊరి నుండే దేశము నడిమధ్యనున్న ఎడారికి బయలుదేరారట. నీళ్ళు లేక దారిలో ఆగుతూ, దాదాపు 20 నెలలు ప్రయాణము చేసి 1877 జూన్ నెలలో గమ్యము చేరారట. అక్కడ కట్టిన మిషనుకు తమను పంపిన జర్మనీ గ్రామము పేరే పెట్టుకున్నారు: హెర్మన్స్‌బర్గ్.

ఆ పేరు వినగానే మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. అప్పటి నెల్లూరు జిల్లాలోని మా సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతములకు 1860లలో సువార్త తెచ్చిన మైలియస్ దొరగారిని పంపినదీ ఆ హెర్మన్స్‌బర్గే! చిన్ననాటి నుండి సంఘ చరిత్రలో విన్న పేరు అది. ఒకే తల్లి కన్న బిడ్డలలో ఒకరు తెలుగు నేలకు, ఒకరు ఎర్రమట్టి ఎడారికి వెళ్ళినట్లు అనిపించింది. "ఆ ఊరు చూడకుండా ఇంటికి పోము" అన్నాము. అల్లుడు నవ్వి, వారము రోజులు సెలవు పెట్టాడు.

అడిలైడ్ నుండి ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణము ఉత్తరముగా సుమారు 1500 కిలోమీటర్లు. కారు డిక్కీలో బట్టలకంటె నీళ్ళ డబ్బాలే ఎక్కువ. కొంతదూరము పోయాక పొలములు ఆగిపోయి, నేల ఎర్రబడింది. గంటల తరబడి ఒక ఇల్లుగాని, మనిషిగాని కనబడరు. మూడు నాలుగు పెట్టెలు తగిలించుకొని, 50 మీటర్లకు పైగా పొడవుండే లారీలు ఎదురు వస్తే మన కారు గాలికి ఊగుతుంది. సాయంకాలమైతే కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి గనుక చీకటి పడకముందే ప్రయాణము ఆపుకోవాలి. ఎదురు వచ్చే డ్రైవరు మాత్రము స్టీరింగు మీదనుండి ఒక వేలు ఎత్తి పలకరించి పోతాడు. అంత ఖాళీ నేలలో ఆ ఒక్క వేలే ఎంత ధైర్యమో!

మొదటి రాత్రి కూబర్ పీడీలో దిగాము. 1915లో అక్కడ ఓపల్ రాళ్ళు దొరికాయి. వేసవి ఎండకు తాళలేక అక్కడివారు చాలామంది కొండను తొలిచి నేల లోపల ఇండ్లు కట్టుకున్నారు. చర్చీలు కూడ నేల లోపలే! ఒక చర్చిలో కూర్చొని ప్రార్థించుకున్నాము. బయటి గాలి చప్పుడు కూడ లోపలికి రాలేదు.

మరునాడు ఆలిస్ స్ప్రింగ్స్ చేరాము. ఆ పట్టణము మధ్యనుండి టాడ్ నది పోతుంది. నది అంటే వట్టి ఇసుకే. సంవత్సరములో చాలా కాలము నీరుండదు. ఒడ్డున చెట్ల క్రింద ఆదివాసీ కుటుంబములు గుంపులుగా కూర్చొని ఉన్నాయి. మేము నడిచి పోతుంటే వారిలో ఒక స్త్రీ లేచి, చెయ్యి చాపి ఏదో అడుగుతూ మా వైపు వచ్చింది. ఆమె బట్టలు మాసి ఉన్నాయి. జాగ్రత్తగా ఉండమని అంతకు ముందే ఎవరో మాకు చెప్పి ఉన్నారు. మేము చేతిసంచి గట్టిగా పట్టుకొని, గబగబ రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయాము. ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆమె ఏమి అడిగిందో ఇప్పటికీ మాకు తెలియదు.

ఆ రాత్రి చలికి నిద్ర పట్టలేదు. చలికి మాత్రమే కాదు. మా తాతగారు చెప్పిన సంగతి గుర్తుకు వచ్చింది. ఆయన చిన్నతనములో పెద్దకులపువారు ఎదురైతే దారి దిగి నిలబడవలసి వచ్చేదట. ఊరి బావిలో చేద వేయనిచ్చేవారు కారట. అటువంటి ఇంట పుట్టి, మిషను బడిలో చదువుకొని, విమానమెక్కి వచ్చిన మేము మరొకరిని చూచి రోడ్డు దాటిపోయాము. మంచి సమరయుని ఉపమానము ఆదివారపు బడి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినవారమే. అవతలి పక్కగా పోయిన యాజకుడు, లేవీయుడు ఎవరో ఆ రాత్రి తెలిసింది.

ఆదివారము ఉదయమే హెర్మన్స్‌బర్గ్‌కు బయలుదేరాము. పట్టణము దాటగానే దారి పక్కన జాన్ ఫ్లిన్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరిగారి సమాధి ఉన్నది. వైద్యము అందక ఎడారిలో చనిపోతున్నవారిని చూచి తల్లడిల్లిన మనిషి ఆయన. విమానములో డాక్టరును పంపవచ్చునని వైద్యము చదివిన ఒక యువకుడు 1917లో ఆయనకు ఉత్తరము వ్రాశాడు. ఆ యువకుడు మరుసటి సంవత్సరము యుద్ధములో మరణించాడు గాని, 1928 మే నెలలో ఆ ఆలోచన నిజమై క్లాంకరీ నుండి మొదటి డాక్టరు విమానము ఎగిరింది. విమానము ఉంటే చాలదు, పిలవాలి గదా! కాళ్ళతో తొక్కి కరెంటు పుట్టించే రేడియోను ట్రెగర్ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఆ సేవ నేటికీ జరుగుతున్నది.

ఆ సమాధిమీద పెద్ద గుండ్రాయి ఒకటి ఉన్నది. మొదట పెట్టిన రాయి అది కాదు. 1950లలో ఆయన గౌరవార్థము, సుమారు 400 కిలోమీటర్ల దూరమునున్న కార్లు కార్లు అనే చోటనుండి ఒక రాయిని తెచ్చి పెట్టారు. అది అక్కడి ఆదివాసులకు పవిత్రమైన స్థలము. వారిని అడగలేదు. వారు ఏండ్ల తరబడి తమ రాయిని తమకిమ్మని అడుగుతూ వచ్చారు. చివరకు 1999లో దానిని తిరిగి పంపించారు. అప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు అరెర్న్‌తె ప్రజలు తమ నేలలోని రాయిని ఆయన సమాధికి ఇచ్చారు. ఇప్పుడున్నది అదే. ఒకటి అడగకుండ తీసుకున్న రాయి, ఒకటి మనస్ఫూర్తిగా ఇచ్చిన రాయి. సదుద్దేశముతోనే చేసినా తప్పు తప్పే. తిరిగి ఇచ్చినప్పుడే జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చింది గదా! ఆదివాసీ తల్లుల ఒడినుండి పిల్లలను లాక్కుపోయిన పాపమునకు ఆ దేశ ప్రభుత్వము 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. ఆ పిల్లలను ఉంచిన ఆశ్రమములలో కొన్నిటిని నడిపినవి చర్చీలే అనే మాటను మనము దాచకూడదు.

హెర్మన్స్‌బర్గ్‌లో సున్నము వేసిన రాతి కట్టడములు, ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. పాత చర్చి 1897 నాటిది. స్ట్రెహ్లో పాదిరిగారు వారి భాష నేర్చుకొని క్రొత్త నిబంధనను తర్జుమా చేసినది ఇక్కడే. చూపు పోయినా లేఖనములను కంఠస్థము చేసి, ఎడారి అంతా తిరిగి సువార్త చెప్పిన మోషే చల్కబోట అనే ఆదివాసీ సువార్తికుడు ఇక్కడివాడే. ఎడారి రంగులను కాగితముమీద పెట్టి లోకమంతా పేరు పొందిన చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్‌జీరా 1902లో పుట్టినదీ ఇక్కడే. 1920ల చివర కరువు వచ్చి ఎంతోమంది పసిబిడ్డలు చనిపోయారు. అప్పుడు మెల్బోర్న్ నగరపు చిత్రకారిణులు అయిన టీగ్ అక్కచెల్లెండ్రు చందాలు పోగుచేయగా, 1935లో కపొరిల్యా ఊట నుండి గొట్టము వేసి మిషనుకు నీళ్ళు తెచ్చారు. నీటి విలువ తెలిసిన మన పాఠకులకు ఆ దినమున వారి సంతోషము ఎంతటిదో వేరే చెప్పనక్కర లేదు.

ఆరాధనకు వెళ్ళి వెనుక బల్లమీద కూర్చున్నాము. పాట ఎత్తుకున్నారు. మాటలు వారివి; రాగము మాత్రము మా ఊరి చర్చిలో పాడుకునే జర్మను కీర్తన రాగమే! మేము మా తెలుగు మాటలతో మెల్లగా కలిపి పాడాము. ముందు వరుసలోని ముసలమ్మ ఒకామె వెనుదిరిగి మమ్మును చూచింది. ఆరాధన ముగియగానే తిన్నగా వచ్చి మా చేతులు పట్టుకొని, ఎక్కడివారని ఇంగ్లీషులో అడిగింది. "ఇండియా" అన్నాము. "మీకూ ఈ పాట వచ్చునా?" అని నవ్వి, తన పక్కన చోటు చూపించింది. మేము కూర్చున్నాము. నది ఒడ్డున వదిలివచ్చిన ఆ స్త్రీ జ్ఞాపకము వచ్చి కన్నీరు ఆగలేదు. ఆమె ఏమీ అడగక, మా చెయ్యి నిమురుతూ కూర్చున్నది.

తిరుగు ప్రయాణములో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆగి, మళ్ళీ ఆ ఒడ్డుకు వెళ్ళాము. ఆ స్త్రీ కనబడలేదు. అక్కడ కూర్చున్నవారికి ఈసారి మేమే ముందుగా నమస్కారము చేశాము. వారును చెయ్యి ఎత్తారు. అంతే. పెద్ద పని ఏమీ కాదు.

ఇంటికి వచ్చాక అందరూ ఫోటోలు అడుగుతున్నారు, చూపిస్తున్నాము. ఫోటోలో లేనిది ఒకటి ఉన్నది, అది మన ఊరిలోనే ఉన్నది. మన చర్చి గేటు దగ్గర, బస్టాండులో, రైలుకట్ట పక్కన మనము చూడకుండ దాటిపోయే మనుష్యులున్నారు. ఆ నది ఒడ్డున మేము పోగొట్టుకున్న అవకాశమును ఇక్కడ పోగొట్టుకొనకుండ ప్రభువు మాకును, చదివే మీకును సహాయము చేయును గాక. ఆమేన్.