తొట్టి నుంచి మంచానికి

బిడ్డ ఎదుగుదలలోని ఒక్కొక్క మెట్టుకూ మన పెద్దలు ఒక్కొక్క వేడుకను ఏర్పరచారు. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచుతాము. బిడ్డను ఉయ్యాలలో వేసే రోజున పేరంటాండ్రను పిలిచి జోలపాటలు పాడించుకుంటాము. అదే బిడ్డ ఆ ఉయ్యాలను విడిచి మంచమెక్కే రోజుకు మాత్రం పిండివంటా లేదు, ముహూర్తమూ లేదు. పంచాంగంలో కనబడని ఆ రోజును తల్లిదండ్రులే నిర్ణయించుకోవలసి రావడం ఎంత చిక్కో మా ఇంట అనుభవానికి వచ్చింది. మన సంస్థలో పసిపిల్లల తల్లులూ తండ్రులూ అనేకులు ఉన్నారు గనుక ఆ వైనాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

బదిలీపై పుదుచ్చేరి శాఖకు వచ్చినప్పుడు వైట్ టౌన్‌లో, డ్యూమా వీధికి సమీపంలో, ఫ్రెంచి కాలం నాటి మేడలో పై భాగం మాకు అద్దెకు దొరికింది. ఈ ఊరిని పెద్ద కాలువ రెండుగా చీలుస్తుంది. పడమటి వైపు తమిళ వీధులలో ఇంటి ముందు అరుగు, లోపల మండువా. చూస్తే మన గోదావరి జిల్లాల ఇళ్ళే జ్ఞాపకం వస్తాయి. తూర్పున సముద్రం దాకా ఉన్న భాగంలో ఎత్తైన ప్రహరీలు, పసుపు తెలుపు గోడలు, మెడ వెనక్కు వంచి చూడవలసిన కప్పులు, ఇంచుమించు నేల దాకా దిగే చెక్క రెక్కల కిటికీలు. అద్దెకు దిగేటప్పుడు ఆ కిటికీల అందం చూచి మురిసిపోయాము. వాటిని గురించి వేరే విధంగా ఆలోచించవలసిన రోజు తరువాత వచ్చింది.

ఇంటి యజమానురాలు వయోవృద్ధురాలు. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరి విలీనం చట్టబద్ధమైనప్పుడు, ఇక్కడివారికి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆ గడువులో ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న కుటుంబం వారిది. మా బాబుకు ఏడాది కూడా నిండని రోజులలో ఆమె తమ ఇంట ఉన్న ఊచల తొట్టిని వాడుకోమని ఇచ్చారు. బజారులో బేబీ కాట్ అంటారే, ఆ బాపతు. మంచి టేకుతో చేసినది, నాలుగు వైపులా కదలని ఊచలు. ఆమె దాన్ని ‘బెర్సో’ అనేవారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ఉయ్యాల అని అర్థమట. మా ఇంట పని చేసే ఆమె దాన్ని చూచి నవ్వి, దూలానికి చీర కట్టి తూళి వేస్తే చాలదా అన్నది. యానాం నుంచి వచ్చిన మా అత్తయ్యగారిది మూడో అభిప్రాయం. పిల్లవాడు నాయనమ్మ పక్కలో పడుకోవాలి గాని పంజరంలో ఏమిటని!

ఒక్క సంగతి చెప్పాలి. మన ఇళ్ళలో పిల్లలు తల్లి పక్కనుంచి నాయనమ్మ పక్కకు, అక్కడి నుంచి అన్నదమ్ముల పక్కకు జరుగుతూ ఎప్పుడు పెద్దవారయ్యారో ఎవరికీ తెలియకుండానే పెరిగిపోతారు. అది తక్కువ పద్ధతి అని నేను అనుకోను. కాని ఉద్యోగాల కోసం రెండు గదుల ఇళ్ళలో కాపురముండే మనకు ఆ పక్కలన్నీ ఎక్కడివి? అత్తయ్యగారు ఏడాదిలో రెండు నెలలు మాత్రమే మా దగ్గర ఉంటారు. యానాం, పుదుచ్చేరి ఒకే కేంద్రపాలిత ప్రాంతమైనా మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైబడిన ప్రయాణం.

బాబుకు రెండేళ్ళు నిండిన తరువాత నేను మళ్ళీ గర్భవతినయ్యాను. కార్తీకంలో పురుడు. అప్పటికి తొట్టి ఖాళీ కావాలి గదా అని ఇంట్లో మొదటిసారి మాట వచ్చింది. వచ్చిన వెంటనే అత్తయ్యగారు నన్ను పక్కకు పిలిచి, “అమ్మాయీ, తొట్టి కావాలని వాణ్ణి దింపకు. వాడికి దిగే ఈడు వస్తే దింపు. తమ్ముడి కోసమో చెల్లి కోసమో తనను లేపారని వాడి మనసులో పడితే ఆ మచ్చ పోదు” అన్నారు. ఎన్నో పుస్తకాలు తిరగేసిన నాకు అంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

అయితే ఈడు వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? ఎక్కి దూకే ప్రయత్నం చేయనంత కాలం మూడో ఏడు దాకా తొందర పడనక్కరలేదని నిపుణులు సాధారణంగా చెప్పే మాట. దానికి కారణం ఉన్నది. ఊచలు పిల్లవాణ్ణి చేతితో పట్టి ఆపినట్లు ఆపుతాయి. మంచానికి ఆ చేయి లేదు. ‘ఇది దాటరాదు’ అనే కనబడని గీతను పిల్లవాడు తన మనసులో గీసుకోవాలి. రెండేళ్ళవాడికి ఆ శక్తి ఇంకా రాదు. మరి ఎక్కడం నేర్చిన పిల్లవాడి సంగతి వేరు. పసిపిల్లలకు శరీరంతో పోలిస్తే తల పెద్దది, బరువైనది. అంచు మీదుగా ఒరిగితే ముందు తలే నేలను తాకుతుంది. అంతవరకు రక్షించిన కటకటాలే ఆనాటి నుంచి ప్రమాదమవుతాయి.

అమెరికాలోని శిశువైద్యుల సంఘం దీనికి ఒక కొలత చెప్పింది. బిడ్డ ఎత్తు 35 అంగుళాలకు, అంటే సుమారు 89 సెంటీమీటర్లకు చేరినా, ఊచల అంచు ఎత్తు బిడ్డ ఎత్తులో నాలుగింట మూడు వంతులకు తక్కువైనా ఇక తొట్టి పనికిరాదు. మావారు కుట్టుపని టేపు తెచ్చి కొలిచారు. పరుపు మీద నుంచి అంచు దాకా 65 సెంటీమీటర్లు. గోడకు ఆనించి నిలబెట్టి తల మీద పుస్తకం పెట్టి గీత గీస్తే బాబు 88. అందులో ముప్పాతిక 66. ఒక్క సెంటీమీటరు! ఆ వారంలోనే ఒక రాత్రి చప్పుడుకు లేచి చూస్తే వాడి కుడికాలు అంచు మీద ఉన్నది. నన్ను చూచి కాలు తీయలేదు సరికదా, ఎడమ కాలు కూడా లేపబోయాడు. ఎత్తుకుని దింపాను. సాయంత్రం వాహనాలు ఆపేసిన బీచి రోడ్డు మీద గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న రాతి స్తంభాల మధ్య అలుపు లేకుండా పరుగెత్తేవాడు, రాత్రి ఆ నాలుగు పలకల మధ్య ఎంతకాలం ఉంటాడు?

అప్పటికి శ్రావణం దాటలేదు. పురుటికి ఇంకా మూడు నెలలు ఉన్నది. పుట్టే బిడ్డ రాకకూ ఈ మార్పుకూ నడుమ వాడి లెక్కలో సంబంధం కనబడనంత ఎడం ఉండాలని మా ఇద్దరి ఆలోచన. కనుక ఆ వారమే అనుకున్నాము.

మంచం కొనడం ఒక్క సాయంత్రపు పని. అసలు పని గది. పిల్లవాణ్ణి తొట్టి నుంచి దింపడమంటే తొట్టిని తీసివేయడం కాదు, గదినంతటినీ తొట్టిగా మార్చడం. అంతవరకు ఆ గదిలో రాత్రి రెండు గంటలకు ఎవరి కాపలా లేకుండా తిరిగేవారు లేరు, ఇక ఉంటారు. మురిపించిన ఆ కిటికీలు ఇప్పుడు భయపెట్టాయి. నేల దాకా తెరుచుకునే రెక్కలు, అవతల కింద రాతి పేవ్‌మెంటు. యజమానురాలి అనుమతితో వడ్రంగిని పిలిచి కిటికీలకు లోపలి వైపు అడ్డ కమ్ములు, బాల్కనీ తలుపుకు మా భుజం ఎత్తులో గడియ, మెట్ల పైన చిన్న గేటు పెట్టించాము. బట్టల బీరువాను గోడకు బిగించాము. సొరుగులను మెట్లుగా చేసుకుని ఎక్కితే బీరువా మీద పడుతుంది. స్నానాల గది బయట గడియ. మంచం ఒక అడుగు ఎత్తుకు మించనిది, గోడకు సందు లేకుండా జరిపి వేశాము. ఆ సందులో బిడ్డ ఇరుక్కునే ప్రమాదం కింద పడడం కంటె పెద్దది. దోమతెర తాళ్ళు వాడి చేతికి అందకుండా పైకి కట్టాము. ఈశాన్య ఋతుపవనాల వానలకు ఈ ఊరి నేల చెమర్చుతుంది గనుక నేల మీద పరుపు వేద్దామన్న మాట విరమించుకున్నాము.

మొదటి రాత్రి వాడు అటు ఇటు దొర్లి హాయిగా నిద్రపోయాడు. మేమే మేలుకున్నాము. మూడో రాత్రి వాడికి గుట్టు తెలిసిపోయింది. నాలుగు సార్లు లేచి మా పక్కకు వచ్చాడు. నాలుగు సార్లూ మావారు మందలింపు గాని ముద్దు మాటలు గాని లేకుండా తీసుకువెళ్ళి పడుకోబెట్టారు. మాట్లాడితే అది ఆట అవుతుంది. ఇట్లా తొమ్మిది రాత్రులు. ఆఫీసులో నా కళ్ళు చూచి సహోద్యోగులు ఆడిట్ వస్తున్నదా అని అడిగారు! పదో రాత్రి నుంచి రావడం తగ్గింది. పూర్తిగా మానలేదు, మానవలసిన అవసరం కూడా నాకు తోచలేదు.

తొట్టిని మాత్రం వెంటనే విప్పి అటక మీద పెట్టించాము. కళ్ళ ముందు ఖాళీగా ఉంటే వాడు మళ్ళీ అడుగుతాడని మావారి భయం. ఖాళీ ఉయ్యాల ఊపరాదని అత్తయ్యగారి నియమం. కారణాలు వేరైనా ఇద్దరికీ రాజీ కుదిరింది. కార్తీకంలో చెల్లెలు పుట్టి తొట్టి మళ్ళీ దిగినప్పుడు వాడు దాన్ని గుర్తుపట్టలేదో, పట్టినా పట్టించుకోలేదో తెలియదు. ఊచల సందులలో చేయి పెట్టి చెల్లి కాలు తాకి, తన మంచం చూపించి, “నాది పెద్దది” అన్నాడు.

ఇప్పుడు పాపకు కూడా ఆ తొట్టి అవసరం తీరింది. మా శాఖలోని ఒక మిత్రుడి ఇంట త్వరలో బారసాల, తొట్టి అడిగారు. యజమానురాలు సంతోషంగా ఒప్పుకున్నారు. ఇచ్చే ముందు ఊచల మధ్య ఎడం 6 సెంటీమీటర్లకు మించలేదని, మరలన్నీ బిగువుగా ఉన్నాయని మరొకసారి చూచాము. ఒక వైపు కిందికి జారే రకం తొట్లు ఎంత ముచ్చటగా ఉన్నా చేతులు మార్చవద్దు. వాటిని అమెరికాలో 2011లో నిషేధించారు. ఇది ఆ రకం కాదు. వచ్చే ఆదివారం తీసుకువెళతామన్నారు. మోయడానికి ఇద్దరు రావాలని, మా మెట్ల మలుపు ఇరుకని ముందే చెప్పాను.